చార్లెస్ విలియం ఎలియట్

చార్లెస్ విలియం ఎలియట్ (మార్చి 20, 1834 - ఆగష్టు 22, 1926) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ విద్యావేత్త, రసాయన శాస్త్ర అధ్యాపకుడు. 1869 నుండి 1909 వరకు నలభై సంవత్సరాల పాటు హార్వర్డు విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అంత దీర్ఘకాలం ఆ పదవిలో ఉన్నవారు మరొకరు లేరు. డిగ్రీ విద్యార్థి ఏ పాఠ్యాంశాలను చదవాలో కళాశాల నిర్ణయించే పద్ధతిని తొలగించి, ఆ నిర్ణయాన్ని విద్యార్థికే అప్పగించిన ఐచ్ఛిక పాఠ్యవిధానానికి (ఎలెక్టివ్ సిస్టమ్) ఇతడు ప్రధాన ప్రవర్తకుడు. ఈనాడు మనం డిగ్రీ చదువులలో తరచుగా వినే క్రెడిట్లు, ప్రధానాంశం, ఉపాంశం, ఐచ్ఛికాంశం మొదలైన మాటలు చాలావరకు ఆ విధానం నుండి గాని, దాని లోపాలను సరిదిద్దే ప్రయత్నం నుండి గాని పుట్టినవే.

బాల్యము, విద్యాభ్యాసము

ఎలియట్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ ఆట్కిన్స్ ఎలియట్ బోస్టన్ నగరానికి మేయరుగా, అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడుగా, హార్వర్డు కళాశాలకు కోశాధికారిగా వ్యవహరించాడు. తల్లి పేరు మేరీ లైమన్. పుట్టుకతోనే ఇతని ముఖంపై కుడివైపున పెద్ద ఎర్రని మచ్చ ఉండేది. అందువలన ఛాయాచిత్రాలను ఎక్కువగా ఎడమవైపు నుండి తీయించుకునేవాడు. ఇతనిలోని బిడియానికి, ముభావానికి ఈ మచ్చ కొంత కారణమని జీవితచరిత్రకారులు భావిస్తారు.

బోస్టన్ లాటిన్ పాఠశాలలో చదువు ముగించి 1849లో హార్వర్డులో చేరి, 1853లో పట్టభద్రుడయ్యాడు. ఆ రోజులలో హార్వర్డు చదువు అంటే ప్రధానంగా గ్రీకు, లాటిన్, గణితం. విద్యార్థులందరూ ఒకే గదిలో, ఒకే పుస్తకం నుండి, అధ్యాపకుడు పిలిచిన వరుసలో పాఠం ఒప్పజెప్పాలి. అభిరుచులను బట్టి చదువు మారేది కాదు. రసాయన శాస్త్ర ఆచార్యుడు జోసయ్యా పార్సన్స్ కుక్ తన చిన్న ప్రయోగశాలలో పనిచేసే అవకాశం ఇవ్వడంతో, ఎలియట్ తరగతులకు వెలుపల తన చదువును తానే ఎంచుకున్నాడు. ప్రయోగశాలలో చేతులతో చేసిన పని, తరగతిలో ఒప్పజెప్పిన పాఠం - ఈ రెండింటి మధ్య తేడాను పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులోనే చూశాడు. తరువాతి సంస్కరణలకు బీజం ఇక్కడే పడిందనుకోవడం తప్పు కాదు.

ఉద్యోగం, నిరాశ, ఐరోపా యాత్ర

1854లో హార్వర్డులోనే గణిత బోధకుడుగా చేరి, 1858లో గణితం, రసాయన శాస్త్రాలలో సహాయ ఆచార్యుడయ్యాడు. అదే సంవత్సరం ఎలెన్ డెర్బీ పీబాడీని వివాహమాడాడు. 1857 నాటి ఆర్థిక సంక్షోభంలో తండ్రి ఆస్తి పోవడంతో, ఇతడు జీతం మీదనే సంసారాన్ని నెట్టుకురావలసి వచ్చింది.

1858లో హార్వర్డు పడవ పందెపు జట్టులో ఎలియట్ కూడా ఒక సభ్యుడు. దూరం నుండి తమ జట్టును గుర్తించడానికి వీలుగా ఇతడు, మరొక సభ్యుడు కలిసి ఎర్రని పట్టు చేతిరుమాళ్ళు కొని అందరికీ పంచారు. హార్వర్డుకు చిహ్నమైన ముదురు ఎరుపు రంగుకు మూలం ఆ చేతిరుమాళ్ళేనని చెబుతారు.

1863లో ఖాళీ అయిన రసాయన శాస్త్ర ఆచార్య పదవిని ఎలియట్ ఆశించాడు. కాని పరిశోధనలో ఎక్కువ పేరున్న వోల్కాట్ గిబ్స్‌కు అది దక్కింది. ఆ నిర్ణయం న్యాయమైనదే. ఎలియట్ మంచి బోధకుడు, సమర్థుడైన నిర్వాహకుడు, అంతేగాని గొప్ప పరిశోధకుడు కాడు. హార్వర్డును విడిచి, భార్యాబిడ్డలతో ఐరోపాకు బయలుదేరి, 1865 వరకు ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు దేశాలలోని విద్యాసంస్థలను పరిశీలించాడు. పాఠశాలలు, పారిశ్రామిక శిక్షణాలయాలు, విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయి, ధనం ఎక్కడి నుండి వస్తోంది, చదివినవారు ఏ పనులలో కుదురుకుంటున్నారు అనే విషయాలను శ్రద్ధగా సేకరించాడు. జర్మన్ విశ్వవిద్యాలయాలలోని స్వేచ్ఛ ఇతనికి నచ్చింది గాని, దానిని యథాతథంగా అమెరికాకు తీసుకురావడం సాధ్యం కాదని కూడా గ్రహించాడు.

ఐరోపాలో ఉండగా మసాచుసెట్స్‌లోని మెరిమాక్ బట్టల మిల్లు సూపరింటెండెంటు ఉద్యోగం ఇతనికి వచ్చింది. జీతం సంవత్సరానికి 5,000 డాలర్లు, నివాసం ఉచితం. అప్పటి పరిస్థితులలో అది చాలా పెద్ద మొత్తం. ఎలియట్ దానిని తిరస్కరించి, అప్పుడే ప్రారంభమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో రసాయన శాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. అక్కడ ఫ్రాన్సిస్ స్టోరర్‌తో కలిసి వ్రాసిన రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథం ప్రయోగాల ఆధారంగా పాఠం చెప్పే పద్ధతికి దోహదం చేసింది.

హార్వర్డు అధ్యక్ష పదవి

1869 ఫిబ్రవరి, మార్చి నెలలలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఎలియట్ "ది న్యూ ఎడ్యుకేషన్" పేరుతో రెండు వ్యాసాలు వ్రాశాడు. ప్రాచీన భాషల చదువుతో పాటు విజ్ఞాన శాస్త్రాలు, ఆధునిక భాషలు, గణితం ప్రధానంగా గల చదువుకు కూడా సమాన గౌరవం ఉండాలన్నది వాటి సారాంశం. అధ్యక్షుని కోసం వెతుకుతున్న హార్వర్డు కార్పొరేషన్ దృష్టి ఇతనిపై పడింది. అప్పటికి ఇతని వయసు 35 సంవత్సరాలు. పైగా మతాచార్యుడు కాడు, రసాయన శాస్త్రవేత్త. పర్యవేక్షక మండలి మొదట ఈ ఎంపికను తిప్పి పంపింది. చివరకు మే 19, 1869న ఆమోదించింది. కార్పొరేషన్ ఎన్నుకున్న మార్చి నెలలోనే ఇతని భార్య ఎలెన్ మరణించింది. నలుగురు కుమారులలో ఇద్దరు శైశవంలోనే పోయారు. మిగిలిన ఇద్దరు పిల్లలతో, దుఃఖంతో ఎలియట్ ఆ పదవిలో ప్రవేశించాడు. 1877లో గ్రేస్ మెల్లెన్ హాప్కిన్సన్‌ను వివాహమాడాడు.

అక్టోబరు 19, 1869న చేసిన ప్రారంభోపన్యాసంలో సాహిత్యానికి, విజ్ఞాన శాస్త్రానికి మధ్య వైరం లేదని, హార్వర్డు అన్నింటినీ, అదికూడా ఉత్తమ స్థాయిలో బోధించాలని ప్రకటించాడు. మనుషుల బుద్ధులు ఒక్క తీరుగా ఉండవు గనుక పద్దెనిమిదేళ్ళు నిండిన యువకునికి తన అభిరుచి ఏమిటో తెలుసుకునే అవకాశం ఇవ్వాలన్నది ఇతని వాదం.

ఐచ్ఛిక పాఠ్యవిధానము

ఈ ఆలోచన పూర్తిగా ఎలియట్ సొంతం కాదు. 1825లో ప్రారంభమైన వర్జీనియా విశ్వవిద్యాలయంలో థామస్ జెఫర్సన్ విద్యార్థులకు శాఖలను ఎన్నుకునే వీలు కల్పించాడు. హార్వర్డులో కూడా జార్జి టిక్నర్ వంటి ఆచార్యులు అప్పుడే ఆ ప్రయత్నం చేశారు. అయితే 1828లో యేల్ కళాశాల అధ్యాపకులు వెలువరించిన నివేదిక ప్రాచీన భాషల చదువును గట్టిగా సమర్థించడంతో, దాదాపు నలభై ఏళ్ళ పాటు అమెరికా కళాశాలలు ఆ బాటనే నడిచాయి.

ఎలియట్ ఒక్కసారిగా దేనినీ కూలదోయలేదు. మొదట కళాశాల వార్షిక సూచిక రూపాన్ని మార్చాడు. అంతకు ముందు పాఠ్యాంశాలను మొదటి సంవత్సరం, రెండవ సంవత్సరం అని తరగతుల వారీగా ముద్రించేవారు. 1870-71 నుండి వాటిని శాస్త్రాల వారీగా, వరుస సంఖ్యలతో ముద్రించడం మొదలుపెట్టారు. చూడడానికి ఇది గుమాస్తా పని వంటిది. కాని ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న విద్యార్థికి తన ముందు నిచ్చెన మెట్లు గాక, ఒక అంగడి కనిపించింది. తరువాత నిర్బంధాంశాలు పై తరగతి నుండి కిందికి ఒక్కొక్కటిగా తొలగిపోయాయి: నాలుగవ సంవత్సరం వారికి 1872లో, మూడవ సంవత్సరం వారికి 1879లో, రెండవ సంవత్సరం వారికి 1884లో. 1885లో మొదటి సంవత్సరం వారికి కూడా చాలావరకు సడలించారు. 1890ల మధ్యకు వచ్చేసరికి ఆంగ్ల రచన, ఒక ఆధునిక భాష తప్ప వేరే నిర్బంధం మిగలలేదు. 1886లో ప్రార్థనాలయానికి తప్పనిసరిగా హాజరు కావాలన్న నియమం పోయింది. దాదాపు అదే కాలంలో ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి అన్న నియమం కూడా పోయింది.

డిగ్రీ అంటే నాలుగేళ్ళ ఒకే చదువు అన్న అర్థం మారి, నిర్ణీత సంఖ్యలో పాఠ్యాంశాలను పూర్తిచేయడం అన్న అర్థం వచ్చింది. ఎవరు ఏది చదివారో వేరువేరుగా లెక్కించక తప్పదు. క్రెడిట్ల లెక్క ఇలా పుట్టింది. 1905లో స్థాపితమైన కార్నెగీ బోధనాభివృద్ధి సంస్థ ధర్మకర్తల మండలికి తొలి అధ్యక్షుడు ఎలియటే కావడం, ఉన్నత పాఠశాల చదువును గంటలలో కొలిచే ప్రమాణం ఆ సంస్థ ద్వారానే దేశమంతటా వ్యాపించడం గమనించదగినవి.

ఈ విధానం వలన నిజంగా మేలు పొందినవి కొత్త శాస్త్రాలు. అందరూ చదవవలసిన అవసరం లేదు గనుక, పదిమంది విద్యార్థులు వచ్చే పాఠ్యాంశాన్ని కూడా ప్రవేశపెట్టవచ్చు. చరిత్ర బోధనకు హెన్రీ ఆడమ్స్‌ను (1870), శరీర ధర్మ శాస్త్ర బోధనకు తన పూర్వ విద్యార్థి విలియం జేమ్స్‌ను (1872) ఎలియట్ నియమించాడు. జేమ్స్ అక్కడి నుండి మనస్తత్వ శాస్త్రానికి, తరువాత తత్త్వశాస్త్రానికి మారాడు. భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉంది. సంస్కృత పండితుడు చార్లెస్ రాక్‌వెల్ లాన్మన్‌ను జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి రప్పించడానికి, ఏడేళ్ళకు ఒకసారి ఆచార్యులకు సగం జీతంతో ఏడాది సెలవు ఇచ్చే పద్ధతిని ఎలియట్ 1880లో ప్రవేశపెట్టాడు. లాన్మన్ హార్వర్డులో సంస్కృత శాఖను నిలబెట్టి, 1891లో హార్వర్డు ప్రాచ్య గ్రంథమాలను ప్రారంభించాడు.

విమర్శలు

ఎలియట్‌ను ఎదిరించినవారిలో ముఖ్యుడు ప్రిన్స్‌టన్ కళాశాల అధ్యక్షుడు జేమ్స్ మెకాష్. 1885 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఒకే వేదికపై ఇద్దరూ వాదించుకున్నారు. తర్కం, నీతిశాస్త్రం, గణితం తెలియకుండా, సంగీతం, చిత్రకళ, ఫ్రెంచి నాటకాలు ఏరుకుని చదివినవానికి కూడా అదే డిగ్రీ ఎలా ఇస్తారన్నది మెకాష్ అభ్యంతర సారాంశం. జెస్యూట్ కళాశాలలతో వివాదం మరింత ఘాటైనది. ఆ కళాశాలల పట్టభద్రులను హార్వర్డు న్యాయ కళాశాల ఇతరులతో సమానంగా చేర్చుకోకపోవడంతో మొదలై, 1899లో ఎలియట్ జెస్యూట్ పాఠ్యక్రమాన్ని శతాబ్దాలుగా మార్పు లేని చదువుగా చిత్రించడంతో ముదిరింది. బోస్టన్ కళాశాలకు చెందిన ఫాదర్ టిమోతీ బ్రాస్నహన్ దీనికి దీటైన సమాధానం వ్రాశాడు. ఆ వాదంలో ఎలియట్ పక్షం బలహీనంగా ఉందని ఈనాడు చదివినవారికి తోచక మానదు.

అయితే గట్టి దెబ్బ బయటివారి నుండి రాలేదు, సొంత ఇంటి నుండే వచ్చింది. 1902-03లో హార్వర్డు అధ్యాపకుల సంఘమొకటి విద్యార్థులను, బోధకులను ప్రశ్నించి, చాలామంది విద్యార్థులు అధ్యాపకులు అనుకున్న దానికన్నా చాలా తక్కువగా చదువుతున్నారని తేల్చింది. సులభమైన పాఠ్యాంశాలు, తెల్లవారి తొందర పెట్టని తరగతులు నిండిపోయేవి. ఒక శాస్త్రంలో మొదటి మెట్టు, మరొక శాస్త్రంలో మొదటి మెట్టు ఎక్కి, ఎక్కడా రెండవ మెట్టు ఎక్కకుండానే డిగ్రీ పుచ్చుకునేవారు తక్కువేమీ కాదు. ఒకే శాస్త్రంలో లోతుగా చదివినవారికి ప్రత్యేక గౌరవ పట్టా ఉన్నా, దానికి సిద్ధపడినవారు కొద్దిమందే. 1880ల చివర మొదటి సంవత్సరం వారికి సలహాదారులను నియమించారు గాని, ఒక్కొక్క సలహాదారు క్రింద ఉన్న విద్యార్థుల సంఖ్య వలన అది సంతకం పెట్టే తంతుగానే మిగిలింది.

ఇక్కడ ఎలియట్ ఆలోచనలోని లోపం స్పష్టం. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తనకేది కావాలో తెలుసుకోగలడని నమ్మాడు. అది కొందరి విషయంలో నిజమే. కాని ఎన్నుకోవడం కూడా నేర్పవలసిన విద్య అని గుర్తించలేదు. తన చిన్నతనంలో ఆచార్యుడు కుక్ పక్కనుండి దారి చూపిన సంగతి, ఆ విధానాన్ని వందలాది విద్యార్థులకు విస్తరించినప్పుడు లెక్కలోకి రాలేదు. తొలి శతాబ్దాల కళాశాల అధ్యాపకుల పెత్తనాన్ని ద్వేషించినవాడు గనుక, మార్గదర్శకత్వంలో కూడా ఇతనికి పెత్తనమే కనిపించి ఉండవచ్చు.

ఇతర విశ్వవిద్యాలయాలు మధ్యేమార్గాలను వెతికాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పాఠ్యాంశాలను కొన్ని గుంపులుగా కూర్చి, వాటిలో ఒకదానిని ఎన్నుకోమంది. మన కళాశాలలలో చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం కలిపి ఒక గ్రూపుగా ఇచ్చిన పద్ధతి దీనికి దగ్గరిది. ప్రధానాంశం, ఉపాంశం అనే అర్థంలో మేజర్, మైనర్ అనే మాటలు కూడా 1870ల చివర ఆ విశ్వవిద్యాలయం సూచికలోనే కనిపించాయి. హార్వర్డులో సైతం ఎలియట్ పదవీకాలపు చివరి భాగంలో, 1906లో, చరిత్ర, సాహిత్యాలను జోడించిన ఒక అధ్యయన క్షేత్రం ఏర్పడింది. రెండు శాఖల హద్దు మీద నిలిచి, దేశాన్నో, కాలాన్నో కేంద్రంగా చేసుకుని చదివే ఈ ఏర్పాటును హార్వర్డు తన కాన్సంట్రేషన్లలో అన్నింటికన్నా పాతదిగా చెప్పుకుంటుంది.

1909లో ఎలియట్ తరువాత అధ్యక్షుడైన అబట్ లారెన్స్ లోవెల్, 1903 నివేదిక తయారుచేసిన సంఘంలోని సభ్యుడే. 1910లో చేరిన విద్యార్థుల నుండి కొత్త నియమం అమలులోకి వచ్చింది. డిగ్రీకి అవసరమైన పదహారు పాఠ్యాంశాలలో కనీసం ఆరు ఒకే క్షేత్రంలో తీసుకోవాలి. మరి ఆరింటిని ఆ క్షేత్రానికి వెలుపల ఉన్న విభాగాలలో పంచుకోవాలి. మిగిలిన నాలుగు విద్యార్థి ఇష్టం. కేంద్రీకరణ, విస్తరణ అనే ఈ జంట సూత్రమే తరువాతి అమెరికా డిగ్రీలకు అచ్చు అయింది. ఎలియట్ దీనిని వెనుకడుగుగా భావించాడు. వాస్తవానికి లోవెల్ ఎలియట్ కట్టిన అంగడిని మూసివేయలేదు, దానిలో నడిచే దారులను గీశాడు. పాత నిర్బంధ పాఠ్యక్రమం మరి తిరిగి రాలేదు.

వృత్తి విద్యలు, ఇతర సంస్కరణలు

1870లో క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్‌ను న్యాయ కళాశాల డీనుగా నియమించి, తీర్పులను చదివి సూత్రాలను రాబట్టే బోధన పద్ధతికి అండగా నిలిచాడు. 1871లో వైద్య కళాశాలలో మూడేళ్ళ క్రమబద్ధమైన చదువును, పరీక్షలను ప్రవేశపెట్టినప్పుడు శస్త్రవైద్యుడు హెన్రీ జాకబ్ బిగెలో తీవ్రంగా వ్యతిరేకించాడు. 1872లో స్నాతకోత్తర విభాగం, 1908లో వాణిజ్య నిర్వహణ కళాశాల ఏర్పడ్డాయి. ఇతని కాలంలో అధ్యాపకుల సంఖ్య దాదాపు 60 నుండి 600కు పెరిగింది. 1892లో ఉన్నత పాఠశాలల పాఠ్యక్రమంపై ఏర్పడిన పదిమంది సంఘానికి అధ్యక్షత వహించాడు. కళాశాలకు వెళ్ళేవారికీ, వెళ్ళనివారికీ ఒకే నాణ్యత గల బోధన ఉండాలని 1893లో ఆ సంఘం నివేదించింది.

స్త్రీ విద్య విషయంలో మాత్రం ఎలియట్ స్వేచ్ఛావాదం గడప దగ్గరే ఆగిపోయింది. స్త్రీపురుషులు కలిసి చదవడాన్ని అంగీకరించలేదు. 1879లో మొదలైన విడి తరగతులు 1894లో రాడ్‌క్లిఫ్ కళాశాలగా మారాయి. శ్వేతజాతీయులు, నల్లజాతీయులు వేరుగా ఉండడాన్ని దక్షిణాది పర్యటనలో సమర్థించాడు. కార్మిక సంఘాలను వ్యతిరేకించాడు. మరొకవైపు, 1922లో యూదు విద్యార్థుల సంఖ్యను పరిమితం చేయాలని లోవెల్ ప్రయత్నించినప్పుడు 88 ఏళ్ళ వయసులో దానిని గట్టిగా ఎదిరించాడు.

కుమారుడు చార్లెస్

పెద్ద కుమారుడు చార్లెస్ ఎలియట్ (1859-1897) 1882లో హార్వర్డు పట్టభద్రుడై, ఉద్యానవనాల, ప్రకృతి దృశ్యాల రూపకల్పనను వృత్తిగా ఎంచుకున్నాడు. ఆ శాస్త్రానికి అప్పటికి ఎక్కడా డిగ్రీ లేదు. కాబట్టి హార్వర్డుకు చెందిన బస్సీ వ్యవసాయ విద్యాలయంలో మొక్కల పెంపకానికి సంబంధించిన పాఠాలు చదివి, 1883లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ వద్ద శిష్యుడుగా చేరి, తన చదువును ముక్కముక్కగా తానే కూర్చుకున్నాడు. బోస్టన్ చుట్టూ ఉన్న అడవులను, నదీతీరాలను ప్రజల ఉద్యానవనాలుగా కాపాడడంలో ముఖ్యపాత్ర వహించి, 37 ఏళ్ళ వయసులో మెదడు పొరల వాపుతో మరణించాడు. తండ్రి అతని కాగితాలన్నీ చదివి 1902లో పెద్ద జీవితచరిత్రను వెలువరించాడు. అంతకు ముందే, 1900లో, కుమారుని స్మృతిగా ఆ శాస్త్రంలో డిగ్రీని హార్వర్డులో నెలకొల్పాడు. అమెరికాలో అటువంటి డిగ్రీ అదే మొదటిది.

పదవీ విరమణ తరువాత

75 ఏళ్ళ వయసులో పదవి నుండి తప్పుకున్న ఎలియట్, విలియం అలన్ నీల్సన్ సహకారంతో 50 సంపుటాల హార్వర్డు క్లాసిక్స్ గ్రంథమాలకు సంపాదకత్వం వహించాడు (1909-10). అయిదు అడుగుల అల్మరా అని పేరు పొందిన ఈ గ్రంథమాలను రోజుకు పదిహేను నిమిషాలు చదివితే, కళాశాలకు వెళ్ళలేనివారు కూడా ఉదార విద్యను పొందగలరని ఇతని ఉద్దేశం. 45వ సంపుటంలో బౌద్ధ రచనలతో పాటు ఎడ్విన్ ఆర్నాల్డ్ ఆంగ్లంలోకి అనువదించిన భగవద్గీత కూడా ఉంది. విద్యార్థులకు పాఠ్యాంశాల పట్టికను రద్దు చేసినవాడే దేశప్రజలకు పుస్తకాల పట్టికను తయారుచేయడం చిత్రమైన విషయం. 1909లో టాఫ్ట్, 1913లో విల్సన్ ఇంగ్లండుకు రాయబారిగా వెళ్ళమని కోరగా రెండుసార్లూ నిరాకరించాడు.

దూరపు బంధువైన కవి టి.ఎస్. ఎలియట్ 1906లో హార్వర్డులో చేరి ఐచ్ఛిక విధానంలోనే చదివాడు. ఆ విధానంపై అతనికి సదభిప్రాయం లేదు. తరువాత స్నాతకోత్తర విద్యార్థిగా లాన్మన్ వద్ద సంస్కృతం చదివాడు. 1922 నాటి "ది వేస్ట్ ల్యాండ్" కావ్యంలో బృహదారణ్యకోపనిషత్తు ప్రస్తావన ఆ చదువు ఫలితమే.

ఎలియట్ వేసవి కాలాన్ని మెయిన్ రాష్ట్రంలోని మౌంట్ డెజర్ట్ ద్వీపంలో గడిపేవాడు. ఆ ద్వీపంలోని కొండలను ప్రజల కొరకు కాపాడడానికి 1901 నుండి జార్జి డార్‌తో కలిసి చేసిన కృషి అకేడియా జాతీయ ఉద్యానవనం ఏర్పడడానికి దారితీసింది. ఆ ద్వీపంలోని నార్త్ఈస్ట్ హార్బర్ గ్రామంలోనే ఆగష్టు 22, 1926న, 92వ ఏట మరణించాడు. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది. హార్వర్డులో లోవెల్ కట్టించిన విద్యార్థి నివాస భవనాలలో ఒకదానికి, 1931లో, ఎలియట్ పేరు పెట్టారు.